నాలుగు చక్రాల ఇంటి ఓనరు

మా బావ పోయిన దగ్గర్నుంచి నాకు ఫోన్లు ఆగడం లేదు. అన్నీ బండి కోసమే. పరామర్శకు వచ్చినవాళ్ళలో సగం మంది అక్క దగ్గర కాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకుని, పోయేటప్పుడు రోడ్డు పక్కన ఆపి ఉన్న ఆ పసుపుపచ్చ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, టైరును కాలితో తన్ని చూసి మరీ పోయారు. "అమ్ముతరా?" అని అక్కను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని నన్ను అడుగుతున్నారు. నేను ఖమ్మంలో బ్యాటరీల దుకాణం నడుపుకునేవాణ్ణి. ఆ బండిలో ఫ్యానూ లైట్లూ బిగించింది నేనే కాబట్టి దాని మీద నాకేదో హక్కుందని వాళ్ళ నమ్మకం. నాకే హక్కూ లేదు. అసలది బండి కాదు, ఇల్లు. ఆ ఇంటికి ఓనరెవరన్న సంగతి ఒకనాడు దుమ్ముగూడెం నుంచి ఖమ్మం వచ్చే దారిలో, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా తగువాడుకుంటూ తేల్చుకున్నాం. తేల్చుకున్నది అక్కా బావలే అనుకోండి. నేను మధ్యలో నలిగాను.

బావ మలేరియా విభాగంలో సూపర్వైజరు. ఉద్యోగమంతా అడవి పల్లెల్లోనే గడిచింది. ఊరూరా తిరిగి ఇళ్ళల్లో దోమల మందు కొట్టించడం, కొట్టిన తేదీ గోడ మీద సుద్దతో రాయడం ఆయన పని. గోదావరి గట్టు నుంచి కారేపల్లి చేల దాకా ఆయన రాత పడని గోడ లేదంటే నమ్మండి. ఎవరి అనుమతీ అడిగేవాడు కాదు. తలుపు తీసి ఉంటే చాలు, సుద్దముక్క తీసేవాడు. ఆయన రాయని గోడ ఒక్కటే, తానున్న ఇంటి గోడ. ఎందుకంటే అది కిరాయిది.

"గోడ మనది కాదు" అన్నది బావ ఊతపదం. అక్క ఎక్కడైనా ఒక మేకు కొడదామని సుత్తి తీస్తే చాలు, బావ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవాడు. "గోడ మనది కాదే!" చర్చి క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది. వాళ్ళ పెళ్ళి ఫోటో ఇన్నేళ్ళూ బియ్యం డ్రమ్ముకు ఆనుకునే కాపురం చేసింది. బియ్యం తీసుకున్నప్పుడల్లా పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ బోర్లా పడేవారు.

కిరాయి ఇళ్ళల్లో బతికి బతికి ఆయన ఒంటికే ఒక నడక వచ్చింది. తలుపును రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మూసేవాడు. తుమ్ము వస్తే తువ్వాలలో తుమ్మేవాడు. బకెట్టు నిండే చప్పుడు ఓనరుకు వినబడకుండా నల్లా కింద పాత బట్ట పెట్టేవాడు. పిల్లల్లేరు. "ఎంతమంది ఉంటరు" అని ఓనర్లు అడిగితే "ఇద్దరమే" అని చెప్పడానికి అదొక్కటే సుఖం అని నవ్వేవాడు. ఆ మాటకు మా అక్క మాత్రం ఏనాడూ నవ్వలేదు.

ఇక నీసు సంగతి. మావాళ్ళు చేప లేకపోతే ముద్ద దిగనివాళ్ళు. ఓనర్లేమో ఇల్లు చూపించకముందే "నీసు తింటరా?" అని అడిగేవాళ్ళు. బావ, చర్చిలో వాక్యం చదివే పెద్దమనిషి, కన్నార్పకుండా "తినమండీ" అనేవాడు. ఆ తర్వాత ఆదివారం తలుపులూ కిటికీలూ బిగించి, నాలుగు అగరొత్తులు వెలిగించి, దొంగసారా కాచినట్టు చేపల పులుసు కాచేవాళ్ళు. ముళ్ళు పేపర్లో చుట్టి, సోమవారం బావ ఆఫీసు సంచిలో పెట్టుకుపోయి ఊరవతల పారేసేవాడు. మలేరియా సారు వస్తున్నాడంటే ముందు సైకిలు గంట, వెనక నాలుగు కుక్కలు. ఇదేంటి బావా అంటే, "నా పేరు మంచిది బామ్మర్ది, మూగజీవాలకు గూడ ఎరికే" అనేవాడు.

ఓనర్లను అనుకరించడంలో మాత్రం ఆయనను మించినవాడు లేడు. బకెట్లు లెక్కపెట్టే ఓనరు, చీకటి పడగానే మెయిను ఆపేసే ఓనరు, చుట్టం వస్తే గేటు దగ్గరే నిలబెట్టి "ఎప్పుడు పోతున్నరు బాబూ" అని ప్రేమగా పలకరించే ఓనరమ్మ. ఒక్కొక్కరినీ గొంతుతో, మెడతో, నడుము మీది చేతితో సహా దించేవాడు. పెళ్ళిళ్ళల్లో మా చుట్టాలంతా చుట్టూ చేరి అడిగి మరీ చేయించుకునేవాళ్ళు. కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. అక్క ఆకులెత్తడానికి వెళ్ళిపోయేది. ఆమెకు ఆ ఓనర్లంతా తెలుసు.

రిటైరయ్యాక అందరూ ఇల్లు కట్టమన్నారు. బావ వినలేదు. "ఇల్లు కట్టి చూడు అన్నరు గని, కట్టి ఉండు అన్నరా?" అని ఎదురు ప్రశ్న. ఒకరోజు ఏదో ప్రైవేటు బడి వాళ్ళు వదిలించుకుంటున్న పాత మినీ బస్సును కొనుక్కొచ్చాడు. మంచాలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించి దాన్ని ఇల్లు చేస్తాడట. బాడీ షెడ్డు నడిపే చాచా గడ్డం నిమురుకుంటూ బస్సు చుట్టూ తిరిగి, "సాబ్, ముందు ఒక్క ముచ్చట జెప్పు. ఇది ఇల్లా, బండా? ఇల్లయితే కిటికీలు జూస్త, బండయితే బ్రేకులు జూస్త" అన్నాడు. "రెండూ" అన్నాడు బావ. చాచా కాసేపు ఆలోచించి కిటికీలు చూశాడు.

పాస్టరు గారికీ అదే చిక్కు వచ్చింది. గృహప్రతిష్ఠ ప్రార్థన చేయాలా, కొత్త వాహనం ప్రార్థన చేయాలా? ఎటుపోయి ఎటొచ్చినా మంచిదని రెండూ చేశారు. అక్క ఆ రోజు కొత్త చీర కట్టుకుంది. లోపలికెక్కి, చాచా బిగించిన ప్లైవుడ్డు గోడను అరచేత్తో ఒకసారి తడిమింది. "తమ్మీ, సుత్తె తే" అంది నాతో. పెళ్ళి ఫోటో చంకలో పెట్టుకునే వచ్చింది.

"ఆగాగు!" బావ డ్రైవరు సీట్లోంచి లేచొచ్చాడు. "ప్లైవుడ్డుకు మేకు కొడ్తవా? పగుళ్ళిచ్చుద్ది. గోడ మనదే, జాగ్రత్త!"

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. గోడ మనది కానప్పుడూ మేకు లేదు, మనదైనప్పుడూ మేకు లేదు. ఫోటో మళ్ళీ బియ్యం డబ్బా పక్కకే వెళ్ళింది. ఆ తర్వాత రూల్సు మొదలయ్యాయి. తలుపు మెల్లగ వెయ్యి. నీళ్ళు చూసి వాడు. చీకటి పడంగనే లైటు బంద్. అక్క చేయి కడుక్కుంటే వెనక నిలబడి ట్యాంకులోని నీళ్ళ చప్పుడు వినేవాడు. పాపం, అక్క "కిరాయి పీడ వదిలింది" అనుకుంది. ఖమ్మంలో కిరాయి ఇల్లు ఎటూ ఉంది, బండిలో ఇంకో ఓనరు తయారయ్యాడు. ఆమెకు కావాల్సింది పెద్ద మేడా కాదు, మిద్దే కాదు. ఎవరినీ అడక్కుండా పొయ్యి ముట్టించుకునే ఒక్క చోటు.

దుమ్ముగూడెం ప్రయాణం బావ సరదా. మొదటి పోస్టింగు అక్కడే కదా, పాత ఊళ్ళు చూసొద్దామని నన్నూ లాక్కుపోయాడు. బ్యాటరీ ఏమన్నా అయితే చూడ్డానికి మనిషి కావాలి. రెండ్రోజులు తిరిగి, తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే గోదావరి గట్టు మీద బండి కడుగుతుంటే, ఆయనకు ఎప్పటి నుంచో తెలిసిన ఒక కోయ ముసలమ్మ మరి ఇద్దరు ఆడవాళ్ళతో వచ్చింది. మలేరియా సారు ఇల్లు తోలుకొచ్చిండని వాళ్ళ గూడెంలో చెప్పుకున్నారట. చేతిలో ఆకుల్లో చుట్టిన పెద్ద బొచ్చె చేప.

లోపలికెక్కి, అబ్బురంగా చూస్తూ, గోడ మీద చేయి వేసింది. అంతే.

"గోడ ముట్టకు! చేతికి తడున్నది!" అని బావ ఒర్రాడు.

ముసలమ్మ చేయి తీయలేదు. "ఏం సారూ, మా ఇండ్లల్ల దూరి మా గోడల మీద ఎన్నేండ్లు రాసినవ్? మేం ఎన్నడన్న ఒద్దంటిమా? నీ గోడ ముట్టుకుంటె ఏం బోతది?"

తర్వాత తోటివాళ్ళతో కోయలో ఏదో అంది. వాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు కోయ రాదు. బావకొచ్చు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ముసలమ్మ చేపను అక్క చేతిలో పెట్టి, "కొత్తింట్ల వండుకో బిడ్డా" అని దిగిపోయింది.

అక్క ముఖం వెలిగిపోయింది. గట్టు మీదే కూర్చుని చేప పొలుసు గీకి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి గిన్నెలో పెట్టింది. "జర చింతపండు నానేస్త. ఈడనే వండుకోని తిని పోదాం" అంది.

బావ ఇంజను స్టార్టు చేయబోతున్నవాడల్లా ఆగాడు. "ఈ బండ్లనా? నీసు వాసనే! పరదాలకు వట్టుద్ది, పరుపుకు వట్టుద్ది. ఇంట్ల నీసు వద్దు."

అక్క లేచి నిలబడింది. ఆ ఒక్క ముక్క ఆమె ఎన్ని నోళ్ళల్లోంచి విన్నదో! మొగుడి నోట్లోంచి వినడం మాత్రం అదే మొదలు.

"ఏమంటివి?" అంది.

"గది గాదే... కొత్త ప్లైవుడ్డు..."

"సరే," అంది అక్క, చాలా నిమ్మళంగా. "తోవల కారేపల్లిల మా చిన్నమ్మ ఇల్లున్నది గద. ఆ ఊరొచ్చేలోపల ఈ చేప ఈ ఇంట్ల ఉడకాలె. ఉడికితే ఇది నా ఇల్లు. లేకుంటే గిన్నె తీస్కోని ఆడ దిగుత. నువ్వు నీ గోడలు తీస్కోని పో. మళ్ళ నన్ను రమ్మనకు."

నేను నవ్వబోయాను. ఆమె బట్టల సంచి తీసి సర్దడం చూసి నవ్వు ఆగిపోయింది. మా అక్క ఊరికే అనదు, అన్నాక వెనక్కి తీసుకోదు. అచ్చం మా నాన్న పోలిక.

బండి కదిలింది. ముందు సీట్లో నేనూ బావా. వెనక ఇంట్లో అక్క. మధ్యలో చాచా పెట్టిన చిన్న కిటికీ. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేస్తే బామ్మర్ది గతి ఏమవుతుందో ఆ రోజు తెలిసింది.

"మీ అక్కకు జెప్పు, భద్రాచలం బ్రిడ్జి దాటినంక ఆపుదమని."

"మీ బావకు జెప్పు, నాకు ఇనవడ్డదని."

బ్రిడ్జి దాటాం. కింద గోదావరి, మీద ఎండ. అవతలి ఒడ్డున ఆపడానికి జాగా బ్రహ్మాండంగా ఉంది. బావ ఆపలేదు. బండ్లు ఎక్కువున్నయట. పాల్వంచలో ఆపమంటే టౌనులో జనం చూస్తారట. అక్కడ ఇడ్లీ పొట్లాలు కట్టించుకొచ్చి కిటికీలోంచి అందించాడు. అక్క నా పొట్లం నాకిచ్చి, తనది ముట్టకుండా కిటికీ గట్టు మీదే పెట్టింది. కొత్తగూడెంలో ట్రాఫిక్కట. ముప్పై స్పీడు మీద పోయే బండికి ట్రాఫిక్కు అడ్డం రావడమేంటి, ట్రాఫిక్కుకే అది అడ్డం. వెనక నుంచి లారీలవాళ్ళు తిడుతూ దాటిపోతున్నారు. పైగా ఎక్కడ పాత టైరులో నీళ్ళు నిలిచి కనబడినా దిగిపోయి బోర్లించి రావడం ఒకటి. రిటైరైనా దోమల మీద పగ పోలేదు.

"బావా, చేప పాడైతది," అన్నాను.

"ఉప్పు పెట్టింది గద."

"అక్క దిగిపోతది."

"దిగదు లేవోయ్. ఎన్ని ఇండ్లు మారినం, ఎన్నడన్న దిగిందా?"

ఇన్ని ఇళ్ళు మారినా ఆమె ఎక్కడా 'ఎక్కింది' లేదు కదా, దిగడానికి. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. అక్కకు వినబడే ఉంటుంది.

టేకు చెట్ల మధ్య నుంచి పోయి పోయి, టేకులపల్లి చేరేసరికి ఇంజను వేడెక్కి పొగలు కక్కింది. బండి ఇక కదలనంది. రోడ్డు పక్కన వేపచెట్టు నీడ చూసుకుని బావ ఆపాడు. ఎదురుగా ఒక కొత్త మేడ. ఇంకా గుమ్మానికి ఎండిన మామిడాకులున్నాయి. ఇంజను చల్లారేదాకా ఎటూ పోయేది లేదు. వెనక నుంచి టిక్కుమని పొయ్యి ముట్టిన చప్పుడు వినబడింది. ఆ వెంటనే ఉల్లిగడ్డలు నూనెలో చుయ్యిమన్నాయి. బావ నన్ను చూశాడు. నేను రోడ్డు చూశాను. ఆయన వద్దనలేదు. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. ఆకలి కూడా దంచేస్తోంది.

అప్పుడు మేడ లోంచి ఒక బనీను మనిషి బయటికొచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఏయ్, ఎవలయ్యా మీరు? మా ఇంటి ముందల పొయ్యి వెట్టుడేంది? ఏం వండుతున్నరు? చేపనా? గృహప్రవేశం జేసి నెల గాలే. ఈడ నీసు వాసన రావొద్దు!"

అది రోడ్డు. సర్కారు రోడ్డు. చెట్టు రోడ్డుది, నీడ చెట్టుది, ఇల్లు మాది. నేను ఆ మాటే అనబోతూ తలుపు తీశాను. కానీ నాకంటే ముందు బావ దిగాడు. రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది ఓనర్ గారూ. తెల్వక ఆపినం. ఇప్పుడే ఖాళీ జేస్తం."

ఖాళీ చేస్తాడట! రోడ్డును! నా చెవులను నేను నమ్మలేకపోయాను. ఆ బనీను మనిషికి కూడా ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం నడుము మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నీళ్ళు గూడ ఈడ పారబొయ్యొద్దు" అన్నాడు. "అట్లనే ఓనర్ గారూ" అన్నాడు మా బావ. చుట్టూ తిరిగి వచ్చి, కిటికీలోంచి చేయి పెట్టి, తన చేత్తో పొయ్యి ఆర్పేశాడు. "జెప్తే ఇనవు గద! ఒకలి ఇంటి ముందల గిదేం పని?" అని అక్క మీద విసుక్కున్నాడు.

"బావా, ఆయనెవలు మనకు చెప్పెటానికి?" అన్నాను.

"ఎందుకొచ్చిన లొల్లి బామ్మర్ది. మళ్ళ మనకే మాటొస్తది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో మా బావ ముఖం చూడబుద్ధి కాలేదు. అక్క అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆమె సగం వేగిన ఉల్లిగడ్డల మీద మూత పెట్టి, మధ్య కిటికీ మూసేసింది.

పొగలు కక్కుతున్న ఇంజనునే మొండిగా స్టార్టు చేసి, బండిని ఎలాగో ఊరు దాటించాడు. ఇక మళ్ళీ ఇల్లందు దాకా ఎవరమూ మాట్లాడలేదు. బొగ్గు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆ నిశ్శబ్దం భరించలేక కాబోలు, బావ తన పాత విద్య మొదలుపెట్టాడు. గొంతు మార్చి, మెడ వంచి, బకెట్లు లెక్కపెట్టే ఓనరును దించాడు. "రెండు బకెట్లన్నరు, మూడోది ఎవలి కోసమమ్మా?" నేను నవ్వలేదు. ఇంకొక ఓనరును తెచ్చాడు. "తలుపు మెల్లగ వెయ్యి, గోడలదురుతున్నయ్." దానికీ నవ్వలేదు.

"ఏమోయ్, మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది బావా. పొద్దున ముసలమ్మ మీద ఒర్రినోడు ఏ ఓనరు? ఆయన్ను గూడ ఒక్కసారి చెయ్యి, చూద్దాం."

బండి ముప్పై నుంచి ఇరవైకి దిగింది. సైకిలు మీద గడ్డిమోపు పెట్టుకుపోతున్న మనిషి మమ్మల్ని దాటి వెళ్ళాడు. కాసేపటికి బావ, "ఇంటి లోపట నేను గట్లనే ఉన్ననా?" అని అడిగాడు.

"అవ్," అన్నాను.

పొద్దు వాలుతోంది. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు మొదలయ్యాయి. కారేపల్లి ఇంకెంతో దూరం లేదు. వెనక అక్క సంచి జిప్పు లాగిన చప్పుడు, చేప గిన్నెకు గుడ్డ కట్టిన చప్పుడు వినబడ్డాయి. నేను లోలోపల ప్రార్థన చేసుకున్నాను. పాస్టరు గారు చేసిన రెండూ పనిచేయనట్టే ఉంది, మూడోది నేనే చేయాల్సి వచ్చింది.

ఊరి బోర్డు కనబడుతుండగా బావ బ్రేకు వేశాడు. దిగి, టైరు చూస్తానన్నట్టు వెనక్కి పోయాడు. టైరు చూడలేదు. ఇంటి తలుపు ముందు నిలబడ్డాడు. చొక్కా గుండీ పెట్టుకుని, జుట్టు సర్దుకుని, తన బండి తలుపును తానే మెల్లగా తట్టాడు.

"ఎవరు?" అంది అక్క లోపల్నుంచి.

"అమ్మా, నమస్తే. ఇల్లు ఖాళీగున్నదంటె వచ్చిన. కిరాయికిస్తరా?"

గిన్నె విసిరికొడుతుందేమోనని నేను కొంచెం పక్కకు జరిగాను. చాలాసేపటికి గొంతు వినబడింది. మా అక్క గొంతే, కానీ నేనెప్పుడూ వినని గొంతు. ఇన్నేళ్ళుగా గుమ్మాల్లో నిలబడి విన్నదంతా అందులో ఉంది.

"ఎంతమంది ఉంటరు?"

"ఇద్దరమే."

"ఏం పని?"

"రిటైరైనమ్మా. మలేరియా డిపార్టుమెంటు."

"నీసు తింటరా?"

"తిన..." అన్నాడు బావ. అలవాటైన అబద్ధం సగం దాకా వచ్చేసింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన దాన్ని అక్కడే మింగేశాడు. "తింటం. చేప తింటం, మాంసం తింటం, ఎండు రొయ్యలు తింటం. నీసు లేకుంటె మాకు ముద్ద దిగదు."

"మేకులు గొడ్తరా?"

"కొడ్తం. పెండ్లి ఫోటో ఒకటున్నది."

"చుట్టాలొస్తరా?"

"ఒస్తరు. ఒకడు ఈడనే నిలబడి మన ముచ్చట ఇంటున్నడు."

నేను సిగ్గుతో పత్తి చేను వైపు తిరిగాను. తలుపు గడియ తీసిన చప్పుడైంది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. బావ లోపలికి ఎక్కుతాడనుకున్నాను. ఎక్కలేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఇంకొక్క మాట ముందే అడుగుతనమ్మా. ఇన్నేండ్లల్ల ఏ ఓనరును అడగలే, అడిగే ధైర్యం రాలే." ఆయన గొంతులో ఇప్పుడు ఆట లేదు. "మా అమ్మ పోయిననాడు, దవాఖానా నుంచి తెస్తే ఓనరు గేటు తియ్యలే. కిరాయి ఇంట్ల శవముంటె ఇంటికి మంచిది గాదన్నడు. రోడ్డు మీదనే టెంటేసి పండుకోవెట్టినం. వాన గూడ వడ్డది. నీకెరికే. అందుకే నాకు మిద్దెలొద్దు, మేడలొద్దు, ఎవడూ గేటెయ్యని ఇల్లొకటి గావాలనుకున్న. రేపు నేను పోతే నన్ను లోపటికి రానిస్తరా?"

ఆ బస్సు ఎందుకు కొన్నాడో అప్పటిదాకా నాకు తెలియదు. అక్కకూ తెలియదు. పిచ్చి అనుకున్నాం, సరదా అనుకున్నాం, ఊరంతా కలిసి వెక్కిరించాం. నాకు ఏడుపొచ్చింది.

అక్క కళ్ళు తుడుచుకోలేదు. కొంగు నడుముకు దోపుకుంది.

"మొగుడివై వస్తే ఎట్లొచ్చినా రానిస్త," అంది. "ఓనరువై వస్తే బతికొచ్చినా రానియ్య. చెప్పులిడిచి లోపటికి రా. చింతపండు పిసుకు."

ఆయన చెప్పులు విడిచి లోపలికెక్కాడు. తలుపు ధడేల్మని వేశాడు. బండి మొత్తం అదిరింది. ఆ రోడ్డు పక్కనే పులుసు ఉడికింది. చేప కొంచెం మెత్తబడింది, ఉప్పు ఎక్కువైంది. అయినా మూకుడు నాకేశాం. ముళ్ళు ఏ పేపర్లోనూ చుట్టలేదు. కారేపల్లి చిన్నమ్మ ఇంటి ముందు నుంచే పోతూ, అక్క ఆమెను కూడా బండి ఎక్కించుకుని "ఈ రాత్రికి మా ఇంట్ల ఉండి పోదువు రా చిన్నమ్మా" అంది. తన బతుకులో ఒక చుట్టంతో ఆ మాట అనగా నేను విన్నది అదే మొదటిసారి.

తర్వాత బావ పూర్తిగా మారిపోయాడని చెప్పను. నీళ్ళ చప్పుడు వినడం మానలేదు. కాకపోతే అక్క వెనక్కి తిరిగి "ఎవరు, కిరాయిదారా?" అని అడిగితే నాలుక కరుచుకుని వెళ్ళిపోయేవాడు.

మొన్న ఆయనను దవాఖానా నుంచి తెచ్చిన రోజున, ఖమ్మంలో వాళ్ళున్న ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. చెడ్డవాడేం కాదు. ముఖం దించుకుని, "అమ్మా, ఏమనుకోకండి, మా ఇంట్ల పెద్దోళ్ళున్నరు, అంటే..." అని నసగడం మొదలుపెట్టాడు.

అక్క ఆయన మాట పూర్తి కానివ్వలేదు.

"మీ గేటు మీరేస్కోండ్రి," అంది. బండి వెనక తలుపు రెండు రెక్కలూ తానే తెరిచింది. "తమ్మీ, తలకాడ వట్టుకో. ఆయన ఇల్లు ఇది. మెల్లగ లోపటికి తీస్కరండ్రి."